రెండో చేప

దేవీప్రసాద్‌ది పోర్టులో ఎలక్ట్రీషియన్ పని. ఓడల్లోకి ఇనుప ఖనిజాన్ని మోసుకెళ్లే బెల్టు ఎక్కడ ఆగినా ముందు అతనికే కబురొస్తుంది. బెల్టు ఆగితే ఓడ ఆగుతుంది, ఓడ ఆగితే పైవాళ్ల గొంతులు లేస్తాయి. అందుకని పాడైనదాని ముందు కూర్చుని ఆలోచించే తీరిక ఉండదు. కాలిపోయిన ముక్క పీకెయ్యాలి, కొత్తది బిగించాలి, స్విచ్చి వెయ్యాలి. పధ్నాలుగేళ్లుగా అదే చేస్తూ వచ్చాడు. మంచి పనివాడని పేరు కూడా ఉంది.

మార్చిలో అతని భార్య రోజారమణికి ఎనిమిదో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది. పెళ్లయిన ఏడేళ్లకి నిలిచిన కడుపు అది. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. రోజారమణికి మత్తు పూర్తిగా వదిలేసరికి మధ్యాహ్నం మూడయింది. కళ్లు తెరవగానే మంచం పక్కన మొగుణ్ని చూసి, "పాపేది బావా?" అంది.

ఆమె అతనికి మేనమామ కూతురు. చిన్నప్పటి నుంచీ బావా అనే పిలుస్తుంది.

"తీసుకెళ్లిపోనాం రోజా. అంతా అయిపోనాది" అన్నాడు ప్రసాద్.

సాయంత్రం ఇంకోసారి అడిగింది. ప్రసాద్ తల్లి సన్యాసమ్మ ఆమె తల నిమురుతూ, "సూడకూడదమ్మా. సూత్తే మర్సిపోనేవు. మేం సెయ్యాల్సింది సేసేసినాం" అంది. సన్యాసమ్మ ఆమెకు అత్తగారే కాదు, సొంత మేనత్త. ఎత్తుకుని పెంచిన చెయ్యి. రోజారమణి ఆ చేతికేసి కాసేపు చూసి, గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తరవాత పాప గురించి ఎవరినీ అడగలేదు. నెమ్మదిగా ఇంకేదీ అడగడం కూడా మానేసింది. వండుతుంది, పెడుతుంది, బట్టలు ఆరేస్తుంది. గోపాలపట్నంలో వాళ్ల రెండు గదుల ఇంట్లో ముగ్గురు మనుషులు ఉన్నారన్నమాటే గాని, గిన్నెల చప్పుడు తప్ప ఇంకేమీ వినబడేది కాదు.

మే నెలలో చెకప్‌కి తీసికెళ్లినప్పుడు ఒక సంగతి జరిగింది. డాక్టరు గది బయట గోడ పొడుగునా ఉప్పునీళ్ల తొట్టె ఒకటి పెట్టారు. అందులో రాళ్లు, రాళ్ల మీద రకరకాల రంగుల్లో ఏవో ఊగుతున్నాయి. రోజారమణి వెళ్లి దాని ముందు నిలబడింది. పేరు పిలిచినా కదల్లేదు. చివరికి వెనక్కి తిరక్కుండానే, "ఇయ్యి పువ్వులా, జంతువులా బావా?" అని అడిగింది.

రెండు నెలల్లో ఆమె తనంతట తాను అడిగిన మొదటి మాట అది. ప్రసాద్‌కి జవాబు తెలీదు. కానీ ఏం చెయ్యాలో మాత్రం తెలిసిపోయిందనుకున్నాడు.

ద్వారకానగర్ సందులో అలాంటి తొట్టెలు అమ్మే కొట్టు ఉంది. కొట్టాయన పేరు సీతారామాంజనేయులు. కాకినాడ మనిషి. ముప్ఫై ఏళ్లు ఓడల ఇంజను గదుల్లో పనిచేసి, దిగిపోయాక ఈ కొట్టు పెట్టుకున్నాడు. ప్రసాద్ చెప్పింది విని, పెద్ద తొట్టెల వైపు చెయ్యి చూపించకుండా, మూలనున్న ఒక మాదిరి గాజు తొట్టె దగ్గరికి తీసుకెళ్లాడు.

"మొదటిసారికి ఇది చాలండి. సముద్రం తొట్టె అంటే అందరూ బెదరగొడతారు గాని, ఇందులో ఏముందండీ? రాళ్లు, ఇసుక, ఉప్పు కలిపిన మంచినీళ్లు, ఆ నీళ్లని కదిపే చిన్న మోటారు, పైన లైటు. అంతే. ఇవన్నీ పెట్టేసి చిటికెడు మేత వెయ్యండి. తరవాత ఆరు వారాలు ఏమీ చెయ్యకండి."

"ఏమీ సెయ్యకుండా ఎలగండీ?"

"అదే పనండి మరి. మేత కుళ్లుతుంది, కుళ్లితే విషం పుడుతుంది. ఆ విషాన్ని తినే పురుగులు, కంటికి కనపడనివి, నెమ్మదిగా రాళ్లలో కాపురం పెడతాయి. అవి స్థిరపడ్డాక వేసిన చేప బతుకుతుంది. ముందే వేస్తే విషంలో వేసినట్టే." అని ఒక చిన్న మందు సీసా చేతిలో పెట్టాడు. "గాజు గొట్టంలో ఈ చుక్కలు వేసి చూసుకోండి. నీళ్లు పచ్చగా మారితే విషం ఉన్నట్టు. పసుపుగా ఉంటే లేనట్టు. పసుపొచ్చాకే నా దగ్గరికి రండి."

తొట్టె ఇంటికొచ్చింది. ఉప్పు సంచీ చూసి సన్యాసమ్మ నోరు నొక్కుకుంది. "సముద్రం పక్కన కాపురముండి ఉప్పు కొనుక్కొచ్చినావేట్రా?" అంది. రోజారమణి మాత్రం రాళ్లు కడిగింది. ఒకదాని మీద ఒకటి అటూ ఇటూ మార్చి, చివరికి గుహలాంటి సందు వదిలి పేర్చింది. నీళ్లు పోశాక, ఎంత ఎత్తున ఉన్నాయో గుర్తుండటానికి గోళ్ల రంగుతో గాజు మీద సన్నటి గీత గీసింది. వైజాగ్ ఎండకి రోజూ అర అంగుళం నీరు ఆవిరైపోయేది. ఉప్పు మిగిలిపోతుంది కాబట్టి పోసేది మంచినీళ్లే. పొద్దున్నే మగ్గుతో ఆ గీత దాకా నీళ్లు పోసి, స్టూలు లాక్కుని కూర్చునేది.

చూడటానికి ఏముందని? రెండో వారానికి తెల్లటి ఇసుక మీద గోధుమరంగు జిగురు కమ్మింది. మూడు రోజుల్లో రాళ్లు, గాజు, మోటారు అన్నీ అదే రంగు. కొత్త తొట్టెలో అలాగే అవుతుందని, దానంతటదే పోతుందని ఆంజనేయులు ఫోన్లో చెప్పాడు. ప్రసాద్‌కి ఆ మాట ఎక్కలేదు. రోజూ డ్యూటీ నుంచి రాగానే చుక్కలేసి చూసేవాడు. పచ్చగానే ఉండేది.

పదిహేడో రోజు సాయంత్రం రోజారమణి స్టూలు మీద నుంచి లేస్తూ, "ఇందులో ఏదీ బతకదేమో బావా" అంది. మామూలుగానే అంది. వంటింట్లోకి వెళ్లి పప్పు పొయ్యి మీద పెట్టింది. ప్రసాద్‌కి మాత్రం ఆ మాట గుండెల్లో దిగిపోయింది.

మర్నాడు కొట్టుకెళ్లాడు. "ఆరు వారాలు అయిపోయాయాండీ అప్పుడే?" అన్నాడు ఆంజనేయులు. "నీళ్లు పసుపొచ్చినాయండి" అన్నాడు ప్రసాద్ సూటిగా కళ్లలోకి చూస్తూ. ముసలాయన ఒక క్షణం తటపటాయించి, వల ముంచి బొటనవేలంత నారింజరంగు చేపని తీసిచ్చాడు. ఒంటి మీద మూడు తెల్లటి చారలు. క్లౌన్ ఫిష్ అంటారట. గట్టి ప్రాణం, మొదటిసారి పెంచేవాళ్లకి ఇదే మంచిది అన్నాడు.

ఆ చేప ఇంట్లోకి రావడం రావడమే మనిషిని మార్చేసింది. రాళ్ల సందులోంచి తల బయటికి పెట్టి మళ్లీ లోపలికి పోతుంటే రోజారమణి గాజుకి నుదురానించి చూసింది. రెండోరోజు ప్రసాద్‌ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

"దీని మద్దెలో సార సూడు బావా. ఈ పక్క కిందకంటా దిగనేదు. గీత్తా గీత్తా ఎవురో పిలిత్తే ఒగ్గేసి ఎల్లిపోనట్టు."

నిజమే. ఎడంపక్క నడుమ చార పొట్ట దగ్గరికి రాకుండానే ఆగిపోయింది. ప్రసాద్ నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. పళ్లు కనపడేలా, కొంచెం సిగ్గుపడుతూ. సన్యాసమ్మ గుమ్మంలోంచి అది చూసి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

అయిదో రోజు ప్రసాద్ నైట్ డ్యూటీ దిగి పొద్దున్న ఏడింటికి ఇంటికొచ్చేసరికి రోజారమణి స్నానానికి వెళ్లింది. లైటు వేశాడు. చేప కనపడలేదు. వంగి చూస్తే రాళ్ల వెనక ఇసుక మీద పక్కకి ఒరిగి ఉంది. నోరు తెరుచుకుని ఉంది. మోటారు తోసిన నీటికి తోక ఒక్కటే ఊగుతోంది.

అతని చేతులు ఆలోచించలేదు. వలతో తీసి పేపరులో చుట్టాడు. వీధిలో చెత్తబండి విజిల్ వినపడింది. పరుగున వెళ్లి అందులో వేసేసి వచ్చాడు. తడి తలతో బయటికొచ్చిన రోజారమణి, "సేప ఏదీ?" అంటే, "రాళ్ల ఎనక దూరింది. నీళ్లు మారుత్తన్నాను కదా, బయపడినట్టుంది" అన్నాడు. తొట్టెలో నీళ్లు సగం తోడి కొత్త ఉప్పునీళ్లు పోశాడు. పది గంటలకి కొట్టు తెరిచేసరికి ప్రసాద్ వెళ్లి ఆంజనేయులు ఎదుట నిలబడ్డాడు. "జతకి ఇంకోటి కావాలండి" అన్నాడు. నీళ్ల సంచిని హెల్మెట్లో పెట్టుకుని తెచ్చి, ఆమె డాబా మీద బట్టలు ఆరేస్తుండగా రెండో చేపని తొట్టెలో వదిలాడు. అదే రంగు, అదే సైజు. పని కానిచ్చేశానన్న నిమ్మళం కలిగింది.

రోజారమణి కిందికొచ్చి తొట్టె ముందు కూర్చుంది. చాలాసేపు కూర్చుంది.

"బయటికొచ్చిందేటి?" అన్నాడు.

"ఒచ్చింది" అంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె కంచంలోకి చూస్తూ, "సేప ఏటో తేడాగుంది బావా" అంది. "ఉప్పు మారింది కదా" అన్నాడు. మర్నాడు, "రాళ్ల సందులోకే ఎల్లట్లేదు, మునుపు అందులోనే ఉండీది" అంది. "అలవాటు పడిపోనాది కదే, బయం పోయింది" అన్నాడు. మూడోరోజు అతను గది దాటుతుంటే తలెత్తి అతని ముఖం చూసింది. ఏదైనా చెబుతాడేమోనని చూసే చూపు అది. ప్రసాద్ సెల్ తీసి చూసుకుంటూ వెళ్లిపోయాడు.

ఆదివారం పొద్దున్న టీ గ్లాసు అతని ముందు పెట్టి, ఎదురుగా నేల మీద కూర్చుంది.

"అదెప్పుడు సచ్చిపోనాది బావా?"

"ఏది?"

"దాని సార సగంలో ఆగిపోనాది. దీనికి సార నిండుగుంది. తెచ్చిన రోజే సూసినాను. నువ్వు సెప్తావేమోనని నాలుగు రోజులు ఆగినాను."

ప్రసాద్ గ్లాసు కింద పెట్టాడు. బుకాయించడానికి నోరు తెరిచి, మూసుకున్నాడు. "గురువారం పొద్దున్న" అన్నాడు.

"ఏటి సేసినావు దాన్ని?"

ప్రసాద్ తొట్టె వైపు చూశాడు.

"అడుగుతన్నాను కదా. ఏటి సేసినావు?"

"సెత్తబండిలో ఏసినాను."

రోజారమణి తల ఊపింది. ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. చాలా నెమ్మదిగా, ఒక్కో మాటా ఏరి పెడుతున్నట్టు అంది:

"దాన్నీ నాకు సూపించకుండా తీసీసినావు. నానేటి గుడ్డిదాన్నా బావా? ఎనిమిది నెలలు మోసినాను. తంతే ఏ పక్క తన్నిందో తెల్సు నాకు. మొకం మాత్రం తెల్దు. రోడ్డు మీద ఏ పాపని సూసినా ఇలగుండీదేమో, అలగుండీదేమో అనుకుంతన్నాను. నువ్వు సూసినావు, అత్త సూసింది, ఆ ఆసుపత్రిలో తుడిసీ ఆవిడ కూడా సూసుంటాది. నాను తప్ప అందరూ సూసినారు."

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగిపోయింది. సన్యాసమ్మ గుమ్మంలోకి వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. "వోణ్ని అనకే" అంది. "నాను వొద్దన్నాను. నాకు ఇద్దరు పోనారు, నీకు తెల్దు. మొదటోడ్ని సూసినాను. ఇప్పటికీ అన్నం కలుపుకుంతుంటే వోడే అగుపిత్తాడు. రెండోదాన్ని సూడనేదు. అందికే... నీకైనా ఆ బాద వొద్దనుకున్నానే."

"రెండోదాన్ని మర్సిపోనావా అత్తా?" అంది రోజారమణి.

సన్యాసమ్మ తలుపు పట్టుకునే కిందికి జారి కూర్చుంది.

ప్రసాద్ మాట్లాడాడు. ఆసుపత్రి నుంచి ఆటోలో తీసుకెళ్లిన దగ్గర్నుంచి చెప్పాడు. ఆకుపచ్చ గుడ్డలో చుట్టి ఇచ్చారన్నాడు. ఒళ్లో పెట్టుకుంటే చద్దన్నం మూటంత బరువుందన్నాడు. జుట్టు ఒత్తుగా, నల్లగా ఉందన్నాడు. ముక్కు రోజారమణిదేనన్నాడు. ఎడం చెయ్యి పిడికిలి బిగించి ఉంటే విప్పబోయి, ఎందుకో భయమేసి వదిలేశానన్నాడు. తనకీ ఇవన్నీ ఇంతవరకూ ఎవరికీ చెప్పే వీలు లేకపోయిందని అప్పుడే తెలిసినట్టుంది.

"ఎక్కడ పెట్టినావు?"

"కొండ కింద వొల్లకాట్లో."

"తీసికెల్లు."

అప్పటికప్పుడు వెళ్లారు. జూన్ చివర. రెండు రోజులుగా వాన పడి వెలిసింది. కాటికాపరి తవిటయ్య గొడుగు చంకలో పెట్టుకుని ముందు నడిచాడు. చిన్నపిల్లల్ని పెట్టే చోటు చివర్లో, ప్రహరీ వారన ఉంది. ప్రసాద్ ఆగిపోయాడు. మార్చిలో అతను చూసిన ఎర్రమట్టి దిబ్బ లేదు. గడ్డి మోకాలెత్తు లేచింది. అక్కడక్కడా మట్టి కుంగి నీళ్లు నిలిచాయి. కొత్తగా తవ్వినవి రెండు మూడు ఉన్నాయి.

"బండలేటి పెట్టనేదా బాబూ?" అన్నాడు తవిటయ్య.

"లేదు."

"అలగైతే కష్టం. పిల్లలకి నోతుగా తవ్వం కదా. వానకి దిగిపోద్ది. ఒక్కోసారి దాని మీదే ఇంకోటి పెట్టాల్సొత్తాది. ఏటి సేత్తాం?"

రోజారమణి మొగుడి వైపు చూసింది. ప్రసాద్ గోడ వెంట నాలుగడుగులు అటు, నాలుగడుగులు ఇటు వేశాడు. పాపని పెట్టిన రోజు ఎండ మాడ్చేసింది. తొందరగా అయిపోవాలనుకున్నాడు. గోడకి ఎంత దూరమో చూసుకోలేదు. ఏదో ఒక చోటికి వేలు చూపించి ఇదే అంటే ఆమె నమ్ముతుంది. అక్కడ కూర్చుని ఏడ్చుకుంటుంది. రేపటి నుంచి ఆమెకి ఒక చోటంటూ ఉంటుంది. వేలు లేవబోయింది కూడా. నీళ్లు నిలిచిన ఒక గుంట పక్కన గడ్డి పచ్చగా ఉంది. అదే బాగుంటుందనిపించింది.

చెయ్యి దించేశాడు.

"నాకు తెల్దు రోజా" అన్నాడు. "ఈ గోడ పక్కనే. ఇక్కడి నుంచి అక్కడిలోపు ఎక్కడో. గుర్తెట్టుకోనేదు నాను."

ఆమె ముఖం చూడ్డానికి ధైర్యం చాలక నేల చూస్తూ నిలబడ్డాడు. చాలాసేపటికి బురదలో చెప్పులు విప్పిన చప్పుడు వినపడింది. రోజారమణి గోడ వెంట ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఉత్తకాళ్లతో నడిచింది. తిరిగి మళ్లీ నడిచింది. ఎక్కడా ఆగలేదు, కూర్చోలేదు. మూడోసారి వచ్చేటప్పుడు చినుకులు మొదలయ్యాయి. తవిటయ్య గొడుగు పట్టబోతే వద్దని చెయ్యి ఊపింది. అప్పుడు ఏడ్చింది. ప్రసాద్ దగ్గరికి వెళితే, రావొద్దన్నట్టు మళ్లీ చెయ్యి అడ్డం పెట్టింది. అతను వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

ఆ తరవాత ఇల్లు బాగుపడిపోయిందని చెప్పడానికి లేదు. రోజారమణి అత్తతో నెలన్నర సరిగా మాట్లాడలేదు. సన్యాసమ్మ ఊరికి పోతానంది, మూట కట్టుకుంది, మళ్లీ విప్పింది. ఒకరోజు మాత్రం ఇద్దరూ కూరగాయలు తరుగుతూ ఉండగా ముసలావిడ తన మొదటి పిల్లాడి గురించి ఏదో చెప్పడం ప్రసాద్ చెవిన పడింది. అతను లోపలికి వెళ్లకుండా అరుగు మీదే కూర్చుండిపోయాడు.

తొట్టె రోజారమణిదే అయిపోయింది. ఆంజనేయులు దగ్గరికి ప్రసాద్ వెళ్లి తానాడిన రెండు అబద్ధాలూ ఒప్పుకున్నాడు. ఆయన తిట్టలేదు. "ఇకనైనా ఆగండి" అన్నాడు అంతే. రోజారమణి ఆగింది. జిగురు పోయింది, పచ్చటి నాచు వచ్చింది, నాచు తినడానికి నాలుగు నత్తల్ని తెచ్చింది. వారం వారం కొంచెం నీరు మార్చేది. చుక్కల మందు పసుపుగా మారాక కూడా ఇంకో నెల చూసి, అప్పుడు బొత్తాలంత పువ్వులున్న, ప్రాణమున్న పగడం ముక్క ఒకటి తెచ్చి రాయి మీద పెట్టింది. అది పన్నెండు రోజులు ముడుచుకునే ఉంది. పదమూడో రోజు రెండు పువ్వులు విప్పింది. మిగతావి విప్పలేదు. రెండో చేప మాత్రం ఏ జబ్బూ లేకుండా బతుకుతోంది. దానికి వేళకి మేత వేస్తుంది గాని, దాని గురించి ఎవరితోనూ ఏమీ అనదు.

ఎప్పుడైనా మధ్యాహ్నంపూట, అతను ఇంట్లో ఉన్న రోజు, గాజు తుడుస్తూ తుడుస్తూ ఆగి, "పాప ఎలగుందో మల్లా సెప్పు బావా" అంటుంది.

ప్రసాద్ చెబుతాడు. ఆకుపచ్చ గుడ్డ, బరువు, జుట్టు, ముక్కు, పిడికిలి. నిన్న చెబుతుంటే కనురెప్పలు పొడుగ్గా ఉన్నాయని నోటిదాకా వచ్చింది. అది నిజంగా చూశాడో, ఇన్నిసార్లు చెప్పి చెప్పి తానే చేర్చుకుంటున్నాడో తేల్చుకోలేకపోయాడు. ఆమె చెవులు రిక్కించి కూర్చుంది. ఆ ఒక్క మాటతో ఆమె ముఖం ఎలా మారుతుందో అతనికి తెలుసు.

"ఇంకేటైనా గుర్తుందేటి?"

"నేదే" అన్నాడు. "అంతే."

"సర్లే" అని ఆమె గుడ్డ పిండుకుని, గాజు రెండో పక్క తుడవడానికి స్టూలు అటు జరుపుకుంది.